బాబాయి అమ్మిన రెండున్నర సెంట్లు

మా బాబాయి మా గడప తొక్కి ఏడాదిన్నర అవుతోంది. నందిగామ పక్కన పల్లెలో ఉంటాడు. ఇదివరకు ఏ పని మీద పేటకి వచ్చినా మా ఇంట్లో అన్నం తినకుండా వెళ్లేవాడు కాదు. ఇప్పుడూ పేటకి వస్తున్నాడు, వెళ్తున్నాడు. బస్టాండులో కనిపించాడని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అమ్మ విననట్టు ఊరుకుంటుంది.

కారణం నేను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నందిగామ శివార్లో నా పేరు మీదున్న 121 గజాల స్థలం. అంటే రెండున్నర సెంట్లు.

"అంత చిన్న జీతంతో స్థలాలు ఎలా కొన్నావక్కా?" అని ఈమధ్య చాలామంది పిల్లలు నన్ను అడుగుతున్నారు. వాళ్లకి చిట్టీ గురించి చెబుతాను, ఈసీ చదవడం గురించి చెబుతాను. బాబాయి గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది జగ్గయ్యపేట. నాన్న సిమెంటు లారీ డ్రైవరు. చుట్టుపక్కల సున్నపురాయి ఉంది కాబట్టి మా వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, అవి ఉన్నాయి కాబట్టి మా వీధిలో ఇంటికో లారీ మనిషి ఉన్నాడు. అమ్మ బ్లౌజులు కుడుతుంది. డ్వాక్రా గ్రూపులో పాత మెంబరు. నేను బీకాం అయ్యాక 2016లో నందిగామలో ఒక మీసేవ సెంటర్లో చేరాను. జీతం 6,500. పొద్దున చిల్లకల్లు మీదుగా బస్సులో వెళ్లడం, రాత్రికి ఇల్లు చేరడం.

అప్పుడు మా హైవే ఎలా ఉండేదో గుర్తుందా? 2015 దసరా రోజున అమరావతికి శంకుస్థాపన జరిగింది. అమరావతి అంటే మాకు కృష్ణకి అవతలి ఒడ్డే. నందిగామ వైపు చాలా ఊళ్లు సీఆర్‌డీఏ పరిధిలోకి వచ్చాయి. హైదరాబాద్-విజయవాడ రోడ్డు పొడుగునా పత్తిచేలల్లో రంగుల జెండాలు పాతారు. ఏ టీకొట్టు దగ్గర ఆగినా గజాల లెక్కలే. నిన్నటిదాకా ఎరువుల కొట్లో పనిచేసినవాడు ఇవాళ తెల్ల చొక్కా వేసుకుని కారు దిగేవాడు.

ఆ గాలి నాకూ సోకింది. 2017లో ఒక వెంచర్లో చేరాను. నెలకి 2,000 చొప్పున కడుతూ పోతే చివర్లో వంద గజాల బిట్టు రాసిస్తామన్నారు. రంగుల బ్రోచరు, పార్కు బొమ్మ, గుడి బొమ్మ. 'అప్రూవల్ ప్రాసెస్‌లో ఉంది' అన్నారు. 17 నెలలు కట్టాను. 18వ నెల ఆఫీసుకి వెళ్తే షట్టరు వేసి ఉంది. 34,000 పోయాయి. అప్పటి నా జీతంతో చూస్తే ఐదు నెలల కష్టం.

డబ్బు పోయినందుకు ఏడవలేదు. సిగ్గుతో ఏడ్చాను. రోజుకి పదిమందికి ఈసీలు ప్రింటు తీసి, స్టాంపు గుద్ది చేతిలో పెట్టేదాన్ని. నేను డబ్బు కట్టే సర్వే నంబరుకి ఒక్కసారి కూడా తీసుకోలేదు. ఆ రాత్రి తీశాను. ఆ పొలం ఆ కంపెనీ పేరు మీద లేనే లేదు.

రెరా చట్టం 2016లోనే వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ ఏదైనా రెరాలో రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్సు తీసుకోకూడదు. రిజిస్టరైనా సరే, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. ఇదంతా నాకు షట్టరు మూతపడ్డాక తెలిసింది. మీకు బ్రోచరు చదువుతున్నప్పుడే తెలిస్తే నా 34,000కి కొంతన్నా లెక్క దొరుకుతుంది.

అప్పట్నుంచి కౌంటరు దగ్గర నా పని మారింది. బయటికి అదే పని. ప్రింటు చేతికి ఇచ్చే ముందు చదవడం మొదలుపెట్టాను. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చరిత్ర. ఎవరు ఎవరికి అమ్మారు, ఎక్కడ తాకట్టు పెట్టారు, ఆ తాకట్టు విడిపించారా లేదా. మన దగ్గర ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. అసలు సంగతి ఏంటంటే, ఈసీలో కనిపించనివే కొంపలు ముంచుతాయి. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు అందులో ఉండదు. అన్నదమ్ముల మధ్య నోటిమాట పంపకం ఉండదు. బీరువాలో దాచిన వీలునామా ఉండదు. స్థలంలో గుడిసె వేసుకుని ఎవరన్నా ఉంటే అదీ ఉండదు. అందుకే స్థలం దగ్గరికి వెళ్లి పక్కవాళ్లతో మాట్లాడాలి. టీ తాగాలి. పది నిమిషాలు టీ తాగితే ఎన్ని తగాదాలు బయటపడతాయో చెప్పలేను.

తర్వాత అసైన్డ్ భూములు. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని కొనకూడదని 1977లోనే చట్టం వచ్చింది. అయినా తెల్లకాగితాల మీద చేతులు మారుతూనే ఉంటాయి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడమని నేను చెబితే, ఒక పెద్దాయన నా మీద కోప్పడి వెళ్లిపోయాడు. వారం తర్వాత కిలో జామకాయలు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. బయానా ఇవ్వబోతూ ఆగాడంట.

అలా పేరు వచ్చింది. 'ఆ అమ్మాయిని అడగండి' అనేవాళ్లు. ఆదివారాలు ఒక లాయరు గారి దగ్గర కూర్చుని లింకు డాక్యుమెంట్లు వరుసగా పేర్చడం నేర్చుకున్నాను. హద్దులు చదవడం ఆయనే నేర్పారు. పాత దస్తావేజులో 'తూర్పు: ఫలానా వారి చేను' అని ఉంటే, ఆ ఫలానా వారు ఇప్పుడు ఎవరో కనుక్కోవాలి. లాయరు చేయాల్సిన పని నేను చేయలేదు, ఇప్పటికీ చేయను. ఆయన దగ్గరికి వెళ్లే ముందు కాగితాల కట్ట సర్దిపెట్టడం, ఏది తక్కువైందో చెప్పడం, అంతే. దానికి కొద్దో గొప్పో ఇచ్చేవాళ్లు. 2021కి జీతం, ఇది కలిపి నెలకి 16,000 వచ్చేది.

కథ ఇంతవరకే అయితే బాగుండేది.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. మా వైపు ధరలు కూలబడ్డాయి. జెండాలు చిరిగిపోయాయి, తెల్ల చొక్కాలవాళ్లు కనిపించకుండా పోయారు. ఆ వెంటనే కరోనా. అప్పటిదాకా ఎంత ఇచ్చినా అమ్మనన్నవాళ్లు కౌంటరు దగ్గరికొచ్చి "ఎవరన్నా కొనేవాళ్లున్నారా అమ్మా" అని అడిగేవాళ్లు.

2021 జూలైలో ఒక రైతు వచ్చాడు. నందిగామ శివార్లో మూడెకరాలు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకి మార్చుకునే దరఖాస్తు. అప్పట్లో ఇలాంటివి మీసేవలో పెట్టేవాళ్లు. వివరాలు టైప్ చేస్తూ సర్వే నంబరు చూశాను. ఎక్కడో చూసిన నంబరులా అనిపించింది. రాత్రి బస్సులో గుర్తొచ్చింది. బాబాయి బిట్టు దస్తావేజులో పడమటి హద్దు అదే.

బాబాయిది కౌలు సేద్యం. మిర్చి, పత్తి. ఒక సంవత్సరం మిర్చి బాగా పండితే 2006లో ఆ రెండున్నర సెంట్లు కొన్నాడు, కూతురి కోసం. పాత పంచాయతీ లేఅవుట్, పదిహేను అడుగుల మట్టి దారి, వాన పడితే బండి పోదు. పక్క మూడెకరాలు లేఅవుట్ అయితే అటు నుంచి పెద్ద రోడ్డు పడుతుంది. కరెంటు వస్తుంది. నాకిది అర్థం కావడానికి చిల్లకల్లు దాటేంత సేపు పట్టలేదు.

సెప్టెంబరులో బాబాయి ఇంటికొచ్చాడు. చెల్లికి సంబంధం కుదిరింది. పెళ్లి ఖర్చుకి ఆ బిట్టు అమ్మేద్దామనుకుంటున్నాడు. మధ్యవర్తులు గజం 3,600 అంటున్నారు.

"నీకు తెలిసినవాళ్లుంటారు గదా అమ్మా. కాస్త మంచి బేరం చూడు."

నేను పళ్లెంలో అన్నం కలుపుతూ అన్నాను: "ఎవరో ఎందుకు బాబాయ్, నేనే తీసుకుంటా. 4,000 ఇస్తా."

ఆయన ముఖం వెలిగిపోయింది. అమ్మ నా వైపు గర్వంగా చూసింది. ఆ క్షణంలో నేను కూడా నన్ను నేను నమ్మేశాను. బయటి ధర కన్నా నాలుగొందలు ఎక్కువే ఇస్తున్నాను గదా.

డబ్బు ఎలా సర్దానో చెబుతాను, అందరూ అడిగేది ఇదే కాబట్టి. 121 గజాలు, గజం 4,000 అంటే 4,84,000. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, 36,300. చాలామంది దీన్ని మర్చిపోయి చివర్లో అప్పు కోసం పరిగెడతారు. మొత్తం 5,20,300. నా పొదుపు 1,45,000. రిజిస్టరైన చిట్టీ కంపెనీలో నెలకి 5,000 చొప్పున 40 నెలల రెండు లక్షల చిట్టీ వేశాను. 30వ నెల పాడితే 1,80,000 చేతికొచ్చింది. ముందే పాడుకుంటే చాలా పోయేది. ఓపిక పడితేనే చిట్టీలో లాభం. బంగారం మీద బ్యాంకులో 1,45,000. అమ్మ డ్వాక్రా లోను 50,000. మిగిలిన మూడొందలు పర్సులోంచి.

దస్తావేజులో తక్కువ ధర వేయించుకుంటే డ్యూటీ మిగులుతుందని ఒకరు చెప్పారు. ఒప్పుకోలేదు, ఇచ్చిన ధరే రాయించాను. "ఎవరి పేరు మీదమ్మా, నాన్నగారిదా?" అని రాసేవాళ్లు అడిగారు. నా పేరే అన్నాను. బాబాయి పక్కనుంచి, "మా పిల్ల పేరే రాయండి, మా ఇంట్లో స్థలం కొన్న మొదటి ఆడపిల్ల" అన్నాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక నందిగామ గాంధీ సెంటర్లో ఇడ్లీ తినిపించాడు. ఆ రోజు బిల్లు నన్ను ఇవ్వనివ్వలేదు.

పక్క మూడెకరాల సంగతి ఆయనకి చెప్పలేదు.

నాకు నేను చెప్పుకున్న సమాధానాలు మీకూ చెబుతాను. ఒకటి, ఒకరి కాగితాల్లో ఉన్నది ఇంకొకరికి చెప్పకూడదు, అది మా పనిలో మొదటి నియమం. ఇది నిజమే. రెండు, ఆ దరఖాస్తు మంజూరు కాకపోవచ్చు, లేఅవుట్ పడకపోవచ్చు. ఇదీ నిజమే. మూడు, నేను కొనకపోతే ఆ మధ్యవర్తి 3,600కే కొనేవాడు. ఇది ఇంకా నిజం. ఇన్ని నిజాలు చేతిలో ఉన్నా ఇవాళ్టికీ ఒక్క ప్రశ్నకి జవాబు లేదు. చెప్పకూడదు, సరే. కొనకుండా ఉండొచ్చు గదా?

ఆ చలికాలం మా వైపు మిర్చికి నల్ల తామర పురుగు పట్టింది. పెళ్లి అయిపోయింది కానీ బాబాయికి పంట చేతికి రాలేదు. 2022 ఏప్రిల్‌లో మేము కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చేశాం. నా దస్తావేజులో మాత్రం ఇంకా కృష్ణా జిల్లా అనే ఉంది. ఆ ఏడే పక్క మూడెకరాల్లో లేఅవుట్ పడింది. నేను ఊహించినట్టే రోడ్డు వచ్చింది.

స్థలం అన్నం పెట్టదు. ఇది ఎవరూ చెప్పరు. బంగారం మీద వడ్డీ నెలకి వెయ్యి పైనే, చిట్టీ మిగతా పది వాయిదాలు, డ్వాక్రా కిస్తీ. రెండేళ్లు కొత్త చుడీదార్ కొనలేదంటే అతిశయోక్తి కాదు. మధ్యలో ఒక మధ్యవర్తి హైవేని ఆనుకుని మంచి బిట్టు ఉందని, ఉన్నది అమ్మేసి అది కొనమని వెంటపడ్డాడు. 2023 జూలై చివర్లో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికే నీళ్లొచ్చాయి. హైదరాబాద్ బండ్లన్నీ ఆగిపోయాయి. ఆ నీళ్లలో ఆ మంచి బిట్టు కూడా ఉంది. అప్పట్నుంచి ఏ స్థలమైనా వానాకాలంలో ఒకసారి చూడందే మాట్లాడను.

చేతిలో వెయ్యి, రెండు వేలు మాత్రమే మిగిలే నెలల్లో ఇంకో దారి పట్టుకున్నాను. రీట్ అంటారు. పెద్ద పెద్ద ఆఫీసు భవనాల్లో చిన్న వాటా, షేరులా కొనుక్కోవచ్చు. 2021 నుంచి ఒక్క యూనిట్ అయినా కొననిస్తున్నారు, ధర వందల్లోనే ఉంటుంది. వచ్చే అద్దెల్లో ఖర్చులు పోను మిగిలినదాంట్లో తొంభై శాతం మదుపరులకి పంచాలన్నది సెబీ నిబంధన. హైదరాబాద్ మాదాపూర్‌లో మా మేనమామ కొడుకు పనిచేసే మైండ్‌స్పేస్ ప్రాంగణం అలాంటి ఒక రీట్ కిందే ఉంది. వాడు అక్కడ పనిచేస్తున్నాడు, నేను అక్కడ అద్దె తీసుకుంటున్నాను అని నవ్వుకుంటాం. ఆ అద్దెతో నా ఫోను రీచార్జ్ కూడా సరిగ్గా రాదనుకోండి. అయినా పాడైపోని అలవాటు అది.

2024 జూన్‌లో ఎన్నికల ఫలితాలొచ్చాయి. అమరావతి మళ్లీ అమరావతి అయింది. వారం తిరక్కుండా నా బిట్టుకి గజం 11,000 అడిగారు. లెక్కేశాను. 13,31,000. నాన్న రెండుసార్లు లెక్క చూసుకున్నాడు.

ఆ తర్వాతి మంగళవారం బాబాయి వచ్చాడు. కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. పక్క పొలం రైతు ఏదో పెళ్లిలో కలిశాడంట. 'మీ అన్న కూతురి కౌంటర్లోనే గదా నేను కాగితాలు పెట్టింది' అన్నాడంట.

"నీకు ముందే తెలుసంటగా అమ్మా."

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. అమ్మ కుట్టు మిషను ఆపేసింది. నేను తెలుసన్నాను.

ఆయన తల ఊపాడు. తిట్టలేదు, అరవలేదు. "చెప్తే నేను ఆగేవాణ్ణి కాదులే. పెళ్లి ముంగటుంది గదా" అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన ఆ మాట నన్ను క్షమించి అన్నాడో, ఆగేవాడినో లేదో తేల్చుకునే హక్కు నాకు లేకుండా చేశావని అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పెరిగిన దాంట్లో సగం ఇస్తానని నాన్న చేత కబురు పంపాను. అమ్మితే గదా సగం, ముందు కొంత సర్దుతానన్నాను. "అమ్మింది అమ్మినట్టే అన్నయ్యా. దాని దగ్గర నేను డబ్బు అడగలేదే" అన్నాడంట. చట్టప్రకారం నేను చేసిందాంట్లో తప్పు లేదని లాయరు గారు చెప్పారు. ఆయన్ని నేను అడగలేదు, నాన్న అడిగాడు.

ఇప్పుడు మీసేవలో లేను. పేటలోనే ఒక చిన్న గదిలో బల్ల, కంప్యూటరు, ప్రింటరు పెట్టుకున్నాను. కాగితాలు చూసి సర్దిపెట్టడమే పని. బల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది. నా దగ్గరికి కాగితాలు తెచ్చినవాళ్ల పేరు, సర్వే నంబరు, హద్దులు అందులో రాస్తాను. ఆ నంబర్లలోనూ, వాటి హద్దుల్లోనూ నేను కొనను. మధ్యవర్తులు నవ్వుతారు. "అట్లయితే నీకు పేటలో కొనడానికి ఏం మిగుల్తది?" అని ఒకాయన అడిగాడు. నిజంగానే తక్కువే మిగిలింది. 2025 ఫిబ్రవరిలో నేనూ, నా డిగ్రీ ఫ్రెండూ కలిసి పేటలో ఒక పాత రెండు గదుల ఇల్లు ఆరు లక్షలకి కొన్నాం. ఇద్దరి పేర్లూ దస్తావేజులో ఉన్నాయి. ఎవరన్నా బయటికి వెళ్లాలంటే ఎలా అన్నది విడిగా అగ్రిమెంటు రాసుకున్నాం. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు అద్దెకున్నారు. 3,500. నా సగం 1,750. పెద్ద లాభమేమీ కాదు. అమ్మిన ఆవిడకి ఆ వీధి గురించి నాకు తెలిసిందంతా ముందే చెప్పాను. చెప్పాక ఇంకో పదివేలు పెంచింది. ఇచ్చాను.

నందిగామ బిట్టు అమ్మలేదు. అమ్మితే ఆ డబ్బు ఏం చేయాలో తేలలేదు, అందుకని.

పోయిన నెలలో చెల్లి ఫోన్ చేసింది. పెళ్లయ్యాక కోదాడలో ఉంటోంది. వాళ్లాయన అక్కడ ఒక బిట్టు చూశాడంట. "నాన్నకి చెప్పలేదు. నువ్వు కాగితాలు చూస్తావా అక్కా?"

కోదాడ మాకు పాలేరు అవతలే. కానీ అది తెలంగాణ. అక్కడి పోర్టల్ వేరు, రికార్డుల తీరు వేరు, నాకు తెలిసిన దాంట్లో సగం పనికిరాదు. అదే మాట చెప్పాను. అక్కడి లాయరుకి చూపించందే బయానా ఇవ్వొద్దన్నాను. ఈసీ తీశాను. ఒకే పేజీ వచ్చింది. పక్క సర్వే నంబర్లకి కూడా తీశాను, వాటిలో ఒకటి బ్యాంకు తాకట్టులో ఉంది. ఆదివారం బస్సెక్కి వెళ్లి స్థలం చూశాను, అక్కడి టీకొట్టులో కూర్చున్నాను. ఉత్తరం వైపు కాలువ గట్టు ఉంది, వాన నీళ్లు ఎటు పోతాయో అడిగాను.

తిరుగు బస్సులో అన్నీ వాట్సాప్‌లో టైప్ చేశాను. తాకట్టు సంగతి, కాలువ సంగతి, టీకొట్టు ఆయన చెప్పిన అన్నదమ్ముల తగాదా, మంచి సంగతులు కూడా. పెద్ద పెద్ద మెసేజీలు మూడయ్యాయి. పేట దగ్గరికి వచ్చేసరికి బ్లూ టిక్కులు పడ్డాయి.

కాసేపటికి జవాబొచ్చింది. "నాన్న పక్కనే ఉన్నాడు. చదివి వినిపించమన్నాడు."